యంత్రం గుర్తించకపోతే బియ్యం ఆగాలా?

(జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

గౌరవనీయులైన సభాధ్యక్షుల వారికి, వేదికపై ఉన్న పెద్దలకు, ఈ గ్రంథాలయాన్ని ఇంత శ్రద్ధగా నడుపుతున్న సిబ్బందికి, పరీక్షలు దగ్గరపడుతున్నా సమయం కేటాయించుకుని వచ్చిన విద్యార్థులకు, వారిని వెంటబెట్టుకుని వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నా నమస్కారాలు. ఉద్యోగ విరమణ చేసిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయులను ఇటువంటి సభలకు పిలవడం క్రమంగా తగ్గిపోతున్న రోజుల్లో నన్ను గుర్తుపెట్టుకుని పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సర్ సి.వి. రామన్ తాను కనుగొన్న ఫలితాన్ని ప్రకటించిన సందర్భాన్ని పురస్కరించుకుని ఈ దినోత్సవం జరుపుకుంటున్నాం. నాకు ఇచ్చిన అంశం నవీన సాంకేతికత, ప్రజావిధానం. కృత్రిమ మేధ గురించో చంద్రయాన్ గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి చెప్పగలిగినవారు చాలామంది ఉన్నారు. చౌకధరల దుకాణంలో బల్లమీద ఉండి, వేలిముద్రతో కార్డుదారుని గుర్తించే ఈ-పోస్ యంత్రం గురించి మాట్లాడటానికి ఈ సభను వాడుకోనివ్వమని అధ్యక్షుల వారిని ముందుగానే కోరాను. వారు సమ్మతించారు.

చంద్రయాన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. 2019 సెప్టెంబరులో విక్రమ్ ల్యాండర్ చంద్రుడిపై సాఫీగా దిగలేకపోయినప్పుడు మన శాస్త్రవేత్తలు తప్పు ఎక్కడ జరిగిందో ఒక్కొక్కటిగా వెతికి, మార్పులు చేసి, 2023 ఆగస్టు 23న దించి చూపించారు. యంత్రం విఫలమైతే కారణాన్ని యంత్రంలో, మన లెక్కలో వెతకాలి. విజ్ఞానశాస్త్రం పిల్లలకు మొదట నేర్పేది అదే. రేషన్ దుకాణంలో మాత్రం యంత్రం విఫలమైతే దాని ముందు నిలబడ్డ మనిషిని రేపు రమ్మంటున్నాం. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే ఈ రోజు నా బాధ.

వేలిముద్రకూ ప్రభుత్వ పింఛనుకూ ఉన్న సంబంధం ఆధార్‌తో మొదలు కాలేదు. బెంగాల్‌లో పనిచేసిన విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి 1858లో జంగీపూర్‌లో ఒక కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రంపై అరచేతి ముద్ర వేయించాడు. తరువాత 1877లో హుగ్లీలో పింఛనుదారుల వేలిముద్రలు తీసుకోవడం మొదలుపెట్టాడు. పింఛనుదారుడు చనిపోయాక మరొకరు వచ్చి ఆ డబ్బు తీసుకుంటున్నారన్న అనుమానమే దానికి కారణం. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతికి గణితపు పునాది వేసినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు కాగా, పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. విద్యార్థులు ఆ ఇద్దరి పేర్లు రాసుకోవాలి. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈ పద్ధతి సామాన్యుడిపై అనుమానంతోనే పుట్టింది. ఆ అనుమానం ఇప్పటికీ వదలలేదు.

ఇక యంత్రం ఎలా పనిచేస్తుందో చెబుతాను. వేలిపై ఉండే గీతలు ఎక్కడ ఆగిపోతున్నాయో, ఎక్కడ రెండుగా చీలుతున్నాయో ఆ బిందువులను యంత్రం చదువుతుంది. ఆధార్ నమోదు నాడు తీసుకున్న ముద్రతో వాటిని పోల్చి, ఎంత దగ్గరగా ఉన్నాయో ఒక అంకె వేస్తుంది. ఆ అంకె ముందుగా నిర్ణయించిన హద్దును దాటితే అవునంటుంది, దాటకపోతే కాదంటుంది. హద్దును కఠినంగా పెడితే ఒకరి బదులు మరొకరు వచ్చే అవకాశం తగ్గుతుంది కానీ అసలు మనిషిని తిప్పి పంపడం పెరుగుతుంది. సడలిస్తే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. రెండు తప్పులూ ఒకేసారి సున్నా అయ్యే హద్దు లేదు. కనుక ఆ హద్దు ఎక్కడ ఉండాలో, దాని వల్ల తిరస్కరణకు గురైనవారి విషయంలో ఏం చేయాలో తేల్చేది ప్రకృతి నియమం కాదు, మనుషులు. యంత్రం ‘కాదు’ అన్నంత మాత్రాన ఎదుట ఉన్న మనిషి వేరొకరని రుజువు కాలేదు. పోలిక కుదరలేదని మాత్రమే తేలింది.

నేను ఉద్యోగం చేసిన ప్రాంతం పల్నాడు. పిడుగురాళ్ళ చుట్టుపక్కల సున్నపు బట్టీలు ఎన్ని ఉన్నాయో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. కాల్చిన సున్నపురాయికి చెమట తగిలితే వేడి పుడుతుంది, చర్మం కాలుతుంది. ఈ రసాయనిక చర్యను నేను ఏళ్ళ తరబడి తొమ్మిదో తరగతికి సమీకరణంగా రాసి చూపించాను. దాని ఫలితాన్ని కళ్ళారా చూసింది ఒక చౌకధరల దుకాణంలో.

వయసు మళ్ళిన ఒక కూలి అవ్వ, బట్టీలో రాళ్ళు మోసిన మనిషి, వరుసలో నా ముందు ఉన్నారు. ఆమెది ఒంటరి కార్డు, ఇంట్లో వేరొకరి వేలు పెట్టించే వీలు లేదు. డీలరు కార్డు నంబరు కొట్టి వేలు పెట్టమన్నాడు. తెరపై 300 అనే సంఖ్య వచ్చింది, అంటే ముద్ర సరిపోలలేదని. ఆమె కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టారు. డీలరు తడిగుడ్డ ఇచ్చాడు. తరువాత సీసాలోంచి కొబ్బరినూనె చుక్క వేసి రుద్దుకోమన్నాడు. ఆ చూపుడువేలి కొన నున్నగా, తెల్లగా, అక్కడక్కడ పగిలి ఉంది, గీత అన్నది నా కంటికి కూడా కనపడలేదు. “అవ్వా, ఎడమచేతి వేలు పెట్టి చూడు” అన్నాడు డీలరు. అదీ పడలేదు. ఇటువంటివారికి గ్రామ రెవెన్యూ అధికారి వచ్చి తన ముద్రతో ధ్రువీకరించి సరుకులు ఇప్పించే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, అది మంచి ఏర్పాటు. ఆ రోజు ఆ అధికారి వేరే ఊరిలో ఉన్నారు. “పనికి పోకపోతే కూలి పాయె, పోతే బియ్యం పాయె. నేను తీసుకున్నానని మీరే రాసుకోండయ్యా, ఈళ్ళంతా చూస్తన్నారుగా” అన్నారామె. డీలరు ఆమెను తన చిన్నప్పటి నుంచీ ఎరుగును. వరుసలో ఉన్న ప్రతి ఒక్కరూ ఎరుగుదురు. అయినా ఆమె ఖాళీ సంచితో వెళ్ళిపోయారు, ఎందుకంటే ఊరంతా చెప్పే సాక్ష్యం కంటే ఎక్కడో ఉన్న సర్వర్ చెప్పే మాటకే విలువ ఉంది. డీలరును నేను తప్పుపట్టను. యంత్రం ఒప్పుకోకుండా బియ్యం ఇస్తే ఆ నిల్వ తేడాకు అతడే జవాబుదారీ.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, నేను గమనించాను. దయచేసి ఇంకొంత సమయం ఇవ్వండి, ఈ మాట చెప్పడానికే వచ్చాను.

ఒక చిన్న లెక్క. బియ్యం చేతికి రావాలంటే కరెంటు ఉండాలి, యంత్రం పనిచేయాలి, సిగ్నల్ ఉండాలి, సర్వర్ పలకాలి, ముద్ర కుదరాలి. ఈ అయిదూ ఒక్కొక్కటి నూటికి 98 సార్లు సరిగా ఉంటాయనే అనుకుందాం. అయిదూ ఒకేసారి సరిగా ఉండేది నూటికి సుమారు 90 సార్లే. ఇది నేను ఊహించి వేసిన లెక్కయినా వాస్తవానికి దూరం కాదు. 2018 మార్చిలో ఆధార్ ప్రాధికార సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి స్వయంగా సుప్రీంకోర్టు ముందు చూపించిన వివరాల ప్రకారం ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ విజయవంతమయ్యేది 88 శాతం. మన రాష్ట్రంలో 60 లక్షలకు పైగా పింఛనుదారులు ఉన్నారు. వారిలో నూటికి ఒక్కరికే చివరిదాకా ముద్ర పడలేదనుకున్నా 60 వేల మంది. ఒక శాతం అని కాగితంపై రాస్తే చిన్నదిగానే ఉంటుంది. ఆ ఒక శాతంలో ఎవరున్నారో అడగండి. సున్నం మోసినవారు, బీడీలు చుట్టినవారు, సిమెంటు కలిపినవారు, అంట్లు తోమినవారు, చర్మం ముడతలు పడిన వృద్ధులు ఉన్నారు. ఎవరి చేతులు ఎక్కువ అరిగాయో వారే ఎక్కువగా వెనక్కి పోతున్నారు.

నేను సాంకేతికతకు వ్యతిరేకిని కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇలా మాట్లాడినవారిపై ఆ ముద్ర వేయడం తేలిక. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్‌కార్డుల పథకాన్ని 157 మండలాల్లో శాస్త్రీయంగా పరిశీలించారు. వేలిముద్రతో ఉపాధి హామీ కూలి ఇవ్వడం వల్ల డబ్బు త్వరగా అందింది, దారిలో మాయమయ్యే సొమ్ము తగ్గింది, పథకం అందుబాటు తగ్గలేదు. వారి పరిశోధన 2016లో వెలువడింది. అదే పరిశోధకులు జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ ముద్ర తప్పనిసరి చేసినప్పుడు ఏమైందో చూశారు. మొదటి దశలో దొంగతనం తగ్గిన జాడ లేదు. ప్రజలకు ఖర్చు, తిప్పట పెరిగాయి. ఆధార్ జతకాని కుటుంబాలు, అంటే సుమారు నాలుగో వంతు, పదిశాతం మేరకు తమ సరుకులు పోగొట్టుకున్నాయి. రెండుచోట్లా ఉన్నది వేలిముద్ర యంత్రమే. ఇక్కడ స్మార్ట్‌కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లింపు కొనసాగింది, జార్ఖండ్‌లో ఆ తలుపు మూశారు. తేడా తెచ్చింది ప్రభుత్వ నిర్ణయం.

ఆ జార్ఖండ్‌లోనే, సిమ్డేగా జిల్లాలో, 2017 సెప్టెంబరులో పదకొండేళ్ళ బాలిక చనిపోయింది. ఆధార్‌తో జతచేయలేదని ఆ కుటుంబం రేషన్ కార్డు రద్దయింది. ఆకలితోనే చనిపోయిందని తల్లి చెప్పింది, ప్రభుత్వం జ్వరమని అన్నది. మరుసటి నెల 24వ తేదీన ఆధార్ సంస్థ ఒక సర్క్యులర్ జారీ చేసింది. ముద్ర పడలేదన్న కారణంగా, ఆధార్ లేదన్న కారణంగా ఎవరికీ సరుకులు నిరాకరించకూడదని, ప్రత్యామ్నాయ ఏర్పాట్లు ఉండాలని అందులో ఉంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు నాలుగు-ఒకటి ఆధిక్యంతో ఆధార్ చట్టాన్ని సమర్థించినప్పుడు కూడా, అర్హులెవరూ నష్టపోరన్న ప్రభుత్వ హామీని నమోదు చేసుకుంది. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్, వ్యక్తి గౌరవం, హక్కులు అల్గారిథమ్‌లపైనా సంభావ్యతలపైనా ఆధారపడరాదని స్పష్టంగా చెప్పారు. హామీ ఉంది, సర్క్యులర్ ఉంది, తీర్పు ఉంది. అయినా అవ్వ సంచి ఖాళీగానే వెళ్ళింది.

తెలంగాణలో మరో రూపం చూశాం. కంప్యూటర్ సమాచారాన్ని జోడించి చూసి లక్షల రేషన్ కార్డులను, చాలావరకు నోటీసు లేకుండా రద్దు చేశారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమన్నది. ఆ పరిశీలనలో అర్హులు వేల సంఖ్యలో తేలారు. ఇప్పుడు అంగన్‌వాడీల్లో బాలింతల, గర్భిణుల ముఖాలు గుర్తుపట్టే యాప్‌లు వచ్చాయి, ఉపాధి పనిలో రోజుకు రెండుసార్లు ఫోటోలు వచ్చాయి. యంత్రం మారుతోంది. కాదన్నప్పుడు ఎవరు నిరూపించుకోవాలన్న ప్రశ్న మాత్రం మారలేదు, ఆ భారం పేదవారి నెత్తినే ఉంది.

భారం తిప్పడం కష్టం కాదు. ముద్ర పడకపోతే డీలరు ఆ సంగతి నమోదు చేసి, వరుసలోని ఇద్దరి సంతకాలు తీసుకుని, బియ్యం ముందు ఇవ్వాలి. అనుమానం ఉంటే విచారణ తరువాత జరగాలి, అదీ ప్రభుత్వం చేయాలి. దొంగ పేర్లు చేరతాయంటారా? 2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు, రైతులకు ఫోన్ చేసి కనుక్కుంటామని కొన్ని మండలాల వ్యవసాయ అధికారులకు ముందే చెప్పారు. ఆ ఒక్క మాటతో ఆ మండలాల్లో పంపిణీ మెరుగుపడింది, ఖర్చు కూడా స్వల్పమే. ఇక్కడా అలాగే సంతకాలతో సరుకులు తీసుకున్నవారికి, ఖాళీగా వెళ్ళినవారికి కూడా కాల్ సెంటర్ నుంచి ఫోన్ చేయవచ్చు. ఏ దుకాణంలో ఎంతమందికి ముద్ర పడలేదో నెలనెలా గోడమీద రాయవచ్చు. రాకెట్ వైఫల్యాన్ని నమోదు చేసినంత శ్రద్ధగా దీన్నీ నమోదు చేయమని అడుగుతున్నాను.

2013 జాతీయ ఆహార భద్రత చట్టం తెలుగులో చదవండి. అర్హులకు ధాన్యం అందకపోతే ఎనిమిదో సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రత భత్యం చెల్లించాలి. పదిహేనో సెక్షన్ ప్రకారం జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. ఈ హక్కుల గురించి వరుసలో నిలబడే వారికి ఎవరూ చెప్పలేదు.

అదిగో, ద్వారం పక్కన బల్లపై దరఖాస్తు కాగితాలు ఉంచాం. పేరు, కార్డు నంబరు, దుకాణం నంబరు, ముద్ర పడని తేదీ, తెరపై కనిపించిన సంఖ్య రాసే గళ్ళు అందులో ఉన్నాయి. మీ వీధిలో ఒంటరిగా ఉండే వృద్ధుల దగ్గరకు ముందు వెళ్ళండి. రాయడం రానివారికి ఇక్కడి పదో తరగతి విద్యార్థులు పరీక్షలు అయ్యాక ఆదివారాలు రాసిపెడతామన్నారు. నిండిన కాగితాలు ఈ గ్రంథాలయంలో ఇవ్వండి, అన్నీ కలిపి జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని వద్దాం. నాతో వచ్చేవారు సభ ముగిశాక ఒక్క క్షణం ఆగి పేర్లు ఇవ్వండి. నమస్కారం.