స్టీరింగ్ లాగుతోందా? రాక్ మార్చే ముందు ఇవి చూడండి

[షాట్: నెల్లూరు బైపాస్ పక్క రోడ్డు. పొద్దున్నే, ట్రాఫిక్ లేదు. వెనక సీట్లోంచి స్టీరింగ్, డ్రైవర్ చేతులు కనపడాలి.]

అందరికీ నమస్తే. ఇది సెకండ్ హ్యాండ్‌లో కొనే ముందు నడిపి చూస్తున్న పాత డిజైర్. స్పీడు నలభై. చేతులు స్టీరింగ్‌కి ఆనించే ఉంచాను గానీ పట్టు వదిలాను. చూడండి, మెల్లగా ఎడమ పక్కకి పోతోంది.

అమ్మేవాళ్లని అడిగితే "ఏముందన్నా, అలైన్‌మెంట్ చేయిస్తే పోద్ది" అంటారు. మనతో వచ్చిన మెకానిక్‌ని అడిగితే "రాక్ పోయుంటదన్నా, రేటు తగ్గించమను" అంటాడు. అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలు సరిచేయడం. రాక్ అంటే మనం స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలని పక్కకి తిప్పే అడ్డ రాడ్డు. ఇద్దరూ మాట్లాడేశారు. కారు కింద మాత్రం ఎవరూ తొంగి చూడలేదు.

సెకండ్ హ్యాండ్ సెడాన్లలో స్టీరింగ్ దగ్గర తెలిసే తేడాల్లో చాలావరకు స్టీరింగ్‌వి కావు. టైర్లవి, బ్రేకులవి, సస్పెన్షన్‌వి. ఏది చెడినా మన చేతికి తెలిసేది మాత్రం స్టీరింగ్‌లోనే, అందుకని నింద దాని మీద పడుతుంది. రాక్‌ని చక్రానికి కలిపే చివరి జాయింట్, టై రాడ్ ఎండ్ అంటారు, తక్కువ ఖర్చులో పోయే వస్తువు. రాక్ మొత్తం మార్చాలంటే వేలు, కొన్ని కార్లకి పదుల వేలు. అందుకే చవకైన వాటితో మొదలుపెట్టి ఖరీదైన వాటి దగ్గరికి పోదాం.

[షాట్: రోడ్డుకి అడ్డంగా, నేలకి దగ్గరగా కెమెరా. మధ్య ఎత్తు, అంచు వాలు తెలియాలి.]

ముందు రోడ్డు సంగతి. వాన నీళ్లు నిలవకుండా రోడ్డుని అంచు వైపుకి కొంచెం వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి ఏ కారైనా పట్టు వదిలితే కాస్త ఎడమకే జారుతుంది. కొత్త కారు కూడా. ఇందాక డిజైర్ పోయింది అంతమాత్రమే. అది రోగం కాదు. కుడి పక్కకి లాగితే మాత్రం అనుమానించాలి, ఎందుకంటే అది వాలుకి ఎదురెక్కుతోంది. రోడ్డు ఎట్టా ఉన్నా ఒకే పక్కకి గట్టిగా గుంజుతుంటే అప్పుడు కూడా చూడాల్సిందే.

లాగుతోందని తేలితే మొదట గాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. గాలి కొట్టే కుర్రాడు అన్ని కార్లకీ ఒకటే నంబర్ కొడతాడు, ఆయన్ని నమ్ముకోవద్దు. గాలి సరిగా ఉన్నా లాగితే ముందు రెండు చక్రాలు కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్పించండి. టైరు మీద తిరిగే దిశకి బాణం గుర్తు ఉంటే మాత్రం అట్టా మార్చకూడదు. మార్చాక లాగడం కూడా అటు నుంచి ఇటు మారిందంటే తప్పు టైరుది. మారలేదంటే వేరే చోట.

ఇంకొకటి, బ్రేకు పట్టేసి ఉండటం. కారు చాలా రోజులు షెడ్డులో ఊరికే ఉంటే కాలిపర్, అంటే బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం, జామ్ అవుతుంది. ఒక ఐదారు కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ తొక్కకుండా నడిపి ఆపండి. చెయ్యి ఆనించకుండా రిమ్ము దగ్గరగా పెట్టి చూడండి. ముందు రెండిట్లో ఒకటి బాగా వేడిగా ఉంటే దొంగ దొరికాడు.

[షాట్: ముందు టైరు, చాలా దగ్గరగా. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి అంచు బయటికి కనపడుతుంది. అరచేయి అడ్డంగా రుద్దాలి.]

ఇప్పుడు ఈ టైరు చూడండి. బయటి నుంచి గీతలన్నీ లోతుగా, బానే ఉన్నాయి. అమ్మేవాళ్లు "టైర్లు కొత్తవన్నా" అనేది ఈ పక్క చూపించే. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి లోపలి అంచు చూద్దాం. నున్నగా అరిగిపోయింది. ఇట్టా ఒక్క అంచే అరిగితే క్యాంబర్ మీద అనుమానం. అంటే చక్రం నిటారుగా లేదు, పై భాగం లోపలికో బయటికో ఒరిగి ఉంది.

ఇంకో పరీక్ష. అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి రుద్దండి. తర్వాత బయటి నుంచి లోపలికి. ఒక వైపు నున్నగా పోతుంది, ఇంకో వైపు రంపం పళ్లలా చేతికి గుచ్చుకుంటుంది. అట్టా ఉంటే టో తప్పింది. చక్రాలు రెండూ నేరుగా ముందుకి చూడకుండా లోపలికో బయటికో తిరిగి ఉన్నాయన్నమాట. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. అలైన్‌మెంట్ మిషన్ ఎక్కించకముందే సగం జవాబు తెలుస్తుంది.

టైరు పక్కన నాలుగు అంకెలు ఒక గడిలో ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. కారు 2016 మోడల్, ముందు రెండు టైర్లు మాత్రం నిన్నగాక మొన్న వేసినవి అయితే పాతవి ఎందుకు తీసేశారో అడగాలి. అరిగిన తీరు కనపడకుండా మార్చి ఉండొచ్చు.

[షాట్: హైవే మీద ప్రయాణం. స్పీడోమీటర్, వణుకుతున్న స్టీరింగ్.]

తర్వాత వణుకు. ఎనభై దాటాక స్టీరింగ్ వణికి, ఇంకా పైకి పోతే తగ్గితే అది ఎక్కువగా వీల్ బ్యాలెన్సింగ్ తప్పడం, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోవడం. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కులు.

మన దగ్గర ఒక సంగతి చెప్పాలి. చెరువు కట్టల మీద, రొయ్యల గుంటల దగ్గర, వరి పొలాల దార్లో తిరిగిన కార్లకి రిమ్ము లోపలి పక్క బురద ముద్ద పట్టుకుని ఎండి రాయయిపోతుంది. బయటికి కనపడదు. ఒక పక్క ఆ బరువు ఉంటే చాలు, హైవే ఎక్కగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్‌కి పోయే ముందు చక్రం లోపల గట్టిగా నీళ్లు కొట్టించండి. కొన్నిసార్లు దానితోనే పోతుంది. బురద ఉండగానే బ్యాలెన్సింగ్ చేసి సీసం ముక్కలు అంటిస్తే, రేపు ఆ బురద రాలిపోయాక మళ్లీ వణుకు మొదలు.

[షాట్: కారు ముందు భాగం జాకీ మీద, పక్కన స్టాండ్. రెండు చేతులతో చక్రం ఊపాలి.]

ఇప్పుడు టక్ టక్ శబ్దం. చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద కొన్నేళ్లు నడిచిన కారైతే ఇది ఉండకపోతేనే ఆశ్చర్యం. బరువు బళ్లకి రోడ్డు గుంటలు పడతాయి, ఆ గుంటల్లో మన చిన్న కార్ల జాయింట్లు పోతాయి.

జాకీ వేసి, కింద స్టాండ్ పెట్టాకే ఈ పరీక్ష. ఒక్క జాకీ మీద ఉన్న కారు కిందికి తల పెట్టొద్దు. చక్రాన్ని గడియారం అనుకోండి. మూడు, తొమ్మిది దగ్గర పట్టుకుని ఊపితే కదిలితే టై రాడ్ ఎండ్, లేదా లోపలి రాక్ ఎండ్. పన్నెండు, ఆరు దగ్గర ఊపితే కదిలితే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్. ఎందులో కదులుతుందో ఖాయంగా తెలియాలంటే ఒకరు ఊపుతుంటే ఇంకొకరు ఆ జాయింట్ మీద వేలు పెట్టి చూడాలి. ప్లే, అంటే వదులు ఉంటే వేలికి తెలిసిపోతుంది.

ఇవేవీ కదలట్లేదు, చిన్న గుంటల మీద టక్ టక్ మాత్రం ఉందంటే స్టెబిలైజర్ లింక్ రాడ్ చూడండి, మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే చిన్న రాడ్డు అది. చాలామంది దీన్ని రాక్ శబ్దం అనుకుని రాక్ విప్పిస్తారు.

[షాట్: రాక్ బూట్, దగ్గరగా. నల్లటి మడతల రబ్బరు. ఒక చోట చిరుగు.]

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో, ఉప్పునీటి చెరువుల పక్కన ఉన్న కార్లకి ఇది తప్పక చూడాలి. రాక్ రెండు చివర్లకీ మడతల రబ్బరు తొడుగు ఉంటుంది, బూట్ అంటారు. అది చిరిగితే ఉప్పు నీళ్లు, ఇసుక లోపలికి పోయి రాడ్డు తుప్పు పడుతుంది. బూట్ చిరిగినప్పుడే మార్పిస్తే చిన్న ఖర్చు. వదిలేస్తే నిజంగానే రాక్ మీదికి వస్తుంది. అలైన్‌మెంట్ చేసేటప్పుడు తిప్పే టై రాడ్ లాక్ నట్ కూడా ఇట్టాగే తుప్పుతో పట్టేస్తుంది. "నట్ రావట్లేదన్నా, ఇంతే సెట్ అవుద్ది" అని షాపులో చెప్పారంటే అలైన్‌మెంట్ కాలేదని అర్థం. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి కాసేపు ఆగి విప్పాలి. రాకపోతే టై రాడ్ ఎండ్ మార్చాలి.

తిరిగి సెంటర్‌కి రాకపోవడం ఇంకొక ఫిర్యాదు. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రావాలి. రాకుండా బిగుసుకుంటే ముందు బానెట్ ఎత్తి స్ట్రట్ మౌంట్ మీద, అంటే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన స్ట్రట్ పైన బిగించే చోట చెయ్యి పెట్టి ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. పైన బేరింగ్ పట్టేస్తే స్ప్రింగ్ మెలి తిరిగి 'టంగ్' మంటుంది. అది లేకపోతే మన కాళ్ల దగ్గర కాలమ్, అంటే స్టీరింగ్ నుంచి కిందికి దిగే రాడ్డు, దాని జాయింట్ బిగుసుకుందేమో చూడాలి. రాక్ దాని తర్వాత.

[షాట్: ఇంజిన్ ఆన్, కారు కదలకుండా. స్టీరింగ్ అంచు మీద స్కేలు.]

స్టీరింగ్ ప్లే ఎంత ఉండాలి? చక్రాలు కదలకముందు స్టీరింగ్ ఎంత దూరం ఊరికే తిరుగుతుందో అదే ప్లే. మారుతి కార్ల మాన్యువల్‌లో 30 మిల్లీమీటర్ల వరకు ఉండొచ్చని ఉంటుంది, అంటే అంగుళం పైన ఒక గీత. స్కేలు పెట్టి చూస్తే సరిపోతుంది.

ఇంకో పరీక్ష, బ్రోకర్లకి నచ్చదు. కారు నేరుగా నిలబెట్టి, స్టీరింగ్ మధ్య నుంచి పూర్తిగా ఎడమకి ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. మళ్లీ మధ్యకి తెచ్చి కుడికి. రెండూ సమానంగా ఉండాలి. తేడా ఉంటే స్టీరింగ్ ఎప్పుడో విప్పి వంకర కనపడకుండా వేరే చోట బిగించి ఉండొచ్చు, లేదా టై రాడ్లు ఒక పక్కే తిప్పి అలైన్‌మెంట్ అయిందనిపించి ఉండొచ్చు.

[షాట్: ఇగ్నిషన్ ఆన్. మీటర్ బోర్డులో స్టీరింగ్ గుర్తు లైటు వెలిగి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరాలి.]

పాత యాక్సెంట్, ఇండిగో, లోగాన్‌లలో ఆయిల్‌తో నడిచే పవర్ స్టీరింగ్. ఆయిల్ మట్టం, పైపుల దగ్గర తడి, పూర్తిగా తిప్పినప్పుడు కుయ్ అనే శబ్దం చూస్తే చాలు. ఇప్పుడు ఎక్కువగా తిరిగే డిజైర్, అమేజ్, ఈటియోస్‌లలో కరెంటు మోటారు. అందులో ఆయిలే ఉండదు. "పవర్ స్టీరింగ్ ఆయిల్ మార్చాం" అని ఎవరైనా డిజైర్‌కి బిల్లు వేస్తే చదివి నవ్వుకోండి, డబ్బులు మాత్రం ఇవ్వొద్దు.

ఈ మోటారు స్టీరింగ్‌కి ఒక లైటు ఉంటుంది. తాళం ఆన్ చేయగానే వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే ఇంకా అనుమానం, ఎందుకంటే ఆ లైటే పని చేయకుండా చేసి ఉండొచ్చు. లైటు వెలిగి స్టీరింగ్ బరువెక్కగానే మోటారు పోయిందని కంగారు పడొద్దు. బ్యాటరీ బలహీనమైనా, టెర్మినల్ వదులైనా ఇదే జరుగుతుంది. ముందు బ్యాటరీ చూసి, స్కానర్ పెట్టించి, కారు కంప్యూటర్ చూపే లోపం కోడ్ చదివాకే మోటారు మాట.

ఇక్కడ నెల్లూరు వాళ్లు కొంచెం జాగ్రత్త. చెన్నై మనకి దగ్గర. అక్కడి నుంచి టీఎన్ నంబర్ కార్లు తక్కువ ధరకి బాగా వస్తాయి. 2015 డిసెంబర్లో చెన్నై మునిగింది. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుపానుకి మళ్లీ మునిగింది. 2021 నవంబర్లో పెన్నాకి వరద వచ్చినప్పుడు మన ఊళ్లలోనే ఎన్ని కార్లు నీళ్లలో నిలబడ్డాయో చూశాం. మునిగినవన్నీ తుక్కుకి పోవు, కడిగి పాలిష్ చేసి అమ్మేవి కూడా ఉంటాయి. వీటిలో చాలా కార్లకి ఈ మోటారు స్టీరింగ్ కాలమ్ దగ్గరే, డ్యాష్‌బోర్డు కింద మన మోకాళ్ల ఎత్తులో ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా వచ్చి ఉంటే కనెక్టర్లలో పచ్చగా తుప్పు పట్టి, నెలల తర్వాత లైటు ఒకరోజు వెలిగి ఇంకోరోజు ఆరుతుంటుంది. ఫోన్ టార్చితో డ్యాష్ కింద వైర్లు చూడండి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగండి, లోపలి భాగంలో బురద గీత కనపడొచ్చు. సీటు కింద బోల్టుల తుప్పు కూడా చూడండి. తీరం కార్లకి తుప్పు మామూలే గానీ, లోపల సీటు కింద తుప్పు మామూలు కాదు.

[షాట్: అలైన్‌మెంట్ మిషన్ స్క్రీన్. ముందు టో ఆకుపచ్చ, ఎడమ క్యాంబర్ ఎరుపు.]

ఇవన్నీ అయ్యాక, కారు నచ్చితేనే అలైన్‌మెంట్‌కి తీసుకుపోండి. డబ్బు కట్టే ముందే ఒక మాట అడగండి: "ముందు ఎంతుందో, తర్వాత ఎంతుందో ప్రింట్ ఇవ్వాలి." షాపులో ఇస్తారు, అడిగితేనే ఇస్తారు.

ఆ కాగితం చదవడం చాలామందికి తెలియదు, అదే నాకు బాధ. మన ఫ్యామిలీ సెడాన్లలో ఎక్కువ వాటికి ముందు స్ట్రట్ సస్పెన్షన్, వెనక ఒకే బీమ్. వీటిలో కంపెనీ ఇచ్చిన సెట్టింగ్ ముందు టో ఒక్కటే. క్యాంబర్ మార్చే వీలు దాదాపు ఉండదు. అంటే టో ఎర్రగా ఉంటే సరిచేయొచ్చు, పెద్ద సంగతి కాదు. కుడి క్యాంబర్ బానే ఉండి ఎడమది మాత్రం ఎర్రగా ఉందంటే, చక్రాన్ని కింద పట్టే లోయర్ ఆర్మో, స్ట్రట్టో, చక్రం బిగించే నకిల్ అనే భాగమో వంగింది, లేదా ముందు ఫ్రేమ్ జరిగింది. ఏదో గట్టి దెబ్బ తగిలింది. వెనక చక్రాల కొలతలు కూడా ఒక పక్కే తప్పితే ఇదే లెక్క. "అది అడ్జస్ట్ అవ్వదన్నా, కార్లన్నీ అట్టాగే ఉంటాయి" అంటారు షాపులో. మొదటి సగం నిజం, రెండో సగం అబద్ధం.

[షాట్: ప్రింట్ కాగితం మీద వేలు, కొలత పక్కన కంపెనీ ఇచ్చిన హద్దు.]

టో తేడా, లింక్ రాడ్లు, టై రాడ్ ఎండ్లు బేరం ఆడాల్సినవి. ఖర్చు లెక్కేసి ధరలో తగ్గించమనండి, మార్చాక మళ్లీ అలైన్‌మెంట్ చేయించాలి కాబట్టి ఆ డబ్బు కూడా కలపండి. ఒక పక్క క్యాంబర్ బాగా తప్పిందంటే మాత్రం బేరం ఆడకుండా వచ్చేయండి, ఏం వంగిందో విప్పేదాకా ఎవరూ చెప్పలేరు. అలైన్‌మెంట్‌కి కారు ఇవ్వనే ఇవ్వను అన్నవాళ్ల దగ్గర అంతసేపు నిలబడక్కర్లేదు.

మీ కారు ప్రింట్ అర్థం కాకపోతే ఫొటో తీసి కామెంట్లలో పెట్టండి. మోడల్, ఏ సంవత్సరం, ఎంత తిరిగింది రాయండి. నంబర్ ప్లేటు, ఓనర్ పేరు చెరిపేసి పెట్టండి. ఒంగోలు, కందుకూరు, కావలి వాళ్లు మీ ఊళ్లో ప్రింట్ ఇచ్చే అలైన్‌మెంట్ షాపు ఎక్కడుందో కింద చెప్పండి, మిగతావాళ్లకి పనికొస్తుంది.