ఆవు పట్టే క్యాబినెట్ ఉందా?

హాయ్ అండీ. పోయిన వీడియో కింద ఒకాయన కామెంట్: "పశువుల రీసెర్చ్‌కి అన్ని కోట్లెందుకు, ఒక షెడ్డు, ఒక మైక్రోస్కోపు ఉంటే చాలదా?" ఇదే మాట ఎన్నోసారి చదువుతున్నానో లెక్క లేదు, ఇక ఆగడం నా వల్ల కాదు. మైక్రోస్కోపు కొనడం తేలికే. ఆవును లోపలికి తోలుకొచ్చాక మొదలవుతుంది అసలు తంటా.

సరే, ఒక్క ఆవునే తీసుకుందాం. 500 కిలోలు అనుకోండి. గాలికుంటు వ్యాధికి కొత్త టీకా వచ్చింది, ముందు టీకా వేసి, తర్వాత వైరస్ ఎక్కించి చూడాలి. ఎలుకతో చేసే పనైతే బరువు పాతిక గ్రాములు, చిన్న క్యాబినెట్‌లో, అంటే వైరస్ బయటికి పోనివ్వని పెట్టెలో, పని కానిచ్చేస్తాం, అందులోంచి వచ్చే గాలి ఫిల్టర్ దాటాకే బయటికొస్తుంది. ఆవు పట్టే క్యాబినెట్ ఉందా మరి? లేదు. అందుకని గదినే క్యాబినెట్‌లా కడతారు. తలుపు సందులు, కరెంటు వైరు దూరే చిల్లు కూడా సీల్ చేయాలి. లోపల గాలి ఒత్తిడి బయటికంటే తక్కువగా ఉంచుతారు, తలుపు తీసినా గాలి లోపలికే పోతుంది. అమెరికావాళ్లు ఈ రకం గదిని బీఎస్ఎల్-3 ఏజీ అంటారు, అంటే పశువుల కోసం కట్టిన మూడో స్థాయి బయోసేఫ్టీ గది అన్నమాట.

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతి, నేల. నవ్వకండి. నున్నగా ఉంటే కడగడం తేలిక, కానీ తడి నేల మీద మన ఆవు జారి కాలు విరగ్గొట్టుకుందంటే ఆవూ పోయె, ప్రయోగమూ పోయె. పోనీ గరుకుగా వేద్దామంటే ఆ గరుకులో పేడ ఇరుక్కుంటుంది, పేడతోపాటు వైరస్ కూడా. గిట్ట పట్టు దొరకాలి, మందు నీళ్లతో కడిగితే పూర్తిగా శుభ్రపడాలి. ఈ రెండూ కుదిరే నేల కోసం ఇంజనీర్లు తల బద్దలుకొట్టుకుంటారు.

పేడ అన్నాను కదా, పెద్ద ఆవు రోజుకు 30 కిలోల దాకా వేస్తుంది. మూత్రం, కడిగిన నీళ్లు వేరే. అదంతా మామూలు డ్రైనేజీలోకి వదలకూడదు, ట్యాంకులో పట్టి, వేడితోనో రసాయనంతోనో వైరస్‌ను చంపాకే వదలాలి. 2007లో ఇంగ్లండ్‌లో పిర్‌బ్రైట్ దగ్గరి పొలాల్లో పశువులకు గాలికుంటు వచ్చింది. విచారణ చేస్తే, గాలికుంటు వైరస్‌తో పనిచేసే అక్కడి ల్యాబుల ప్రాంగణంలో కారుతున్న పాత డ్రైనేజీ పైపుల మీదికే అనుమానం పోయింది. అందుకే ఎవరైనా కొత్త ల్యాబ్ చూపిస్తానంటే నేను ముందు పైపులు చూపించమంటాను.

ఆవు మందలో బతికే జీవి. ఒంటరిగా కట్టేస్తే బెదురుతుంది, ఆ టెన్షన్‌కి కార్టిసోల్ అనే హార్మోన్ పెరిగి రోగనిరోధక శక్తి మీద పడుతుంది, అప్పుడు మనం కొలిచేది టీకా పనితనాన్నా, ఆవు భయాన్నా? కాబట్టి పక్కన తోడు ఉండాలి, కొత్త చోటు అలవాటు పడటానికి కొన్ని రోజులివ్వాలి. టీకా వేయని ఆవులు కూడా కావాలి పోల్చడానికి, వాటికీ అదే మేత, అలాంటి గదే. ఒక్క ఆవుతో మొదలుపెట్టామా, చూడండి ఎక్కడికొచ్చామో.

వీటన్నిటికీ మేత వేసే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. ఆవు మూతి తొట్టిలో పెట్టి కూడా నమలడం లేదని ముందు పట్టేది ఆయనే. బయటికొచ్చేటప్పుడు బట్టలు అక్కడే వదిలేసి తలస్నానం చేయాలి, ఆ తర్వాత కొన్ని రోజులు బయట ఏ పశువు దగ్గరికీ వెళ్లకూడదు. అంటే సొంతంగా బర్రెలున్నవాడికి ఈ ఉద్యోగం కుదరదన్నమాట!

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. రక్తం శాంపిల్స్‌కి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్, దానికి జనరేటర్, రాత్రి కరెంటు పోతే ఫోన్ మోగించే అలారం. మామూలు స్టిక్కర్లు ఆ చలికి ఊడిపోతాయి, వాటికి వేరే లేబుళ్లు దొరుకుతాయి, అవే కొనండి. చనిపోయిన పశువును కాల్చి బూడిద చేయడానికి ఇన్సినరేటర్. ఎథిక్స్ కమిటీ అనుమతి. ఎన్ని ఆవులు కావాలో ముందే లెక్కగట్టే స్టాటిస్టీషియన్, ఆయన్ని చివర్లో పిలిస్తే తిట్టి పంపిస్తాడు.

ఆఁ, ఇంకొకటి. ఒకప్పుడు మందలకు మందల్నే చంపిన పశువుల జబ్బు రిండర్‌పెస్ట్ ప్రపంచంలోనే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. ఆ వైరస్ మాత్రం అనుమతి ఉన్న కొన్ని ల్యాబుల ఫ్రీజర్లలో ఇంకా ఉంది, దానికి తాళం, కాపలా, కరెంటు బిల్లు నడుస్తూనే ఉన్నాయి. షెడ్డు చాలన్న సారూ, ఆ ఫ్రీజర్ ఎక్కడ పెడదామంటారు?