రొయ్యల ల్యాబులో కాలమ్ చేసే పని

తమ్ముడు: అక్కా, మన నెల్లూరు రొయ్యల్లో యాంటీబయాటిక్ ఉందో లేదో మీ ల్యాబులో చూస్తారు కదా. రొయ్యను రుబ్బితే కొవ్వు, ఉప్పు, రంగు అన్నీ కలిసిపోతాయి. అందులో క్లోరాంఫెనికాల్ అనే ఒక్క యాంటీబయాటిక్‌ని ఎట్లా పట్టుకుంటారు?

అక్క: మందును సాల్వెంట్‌లోకి, అంటే దాన్ని కరిగించుకునే ద్రవంలోకి లాగి, వడగట్టి, ఆ తేటలో కొన్ని మైక్రోలీటర్లే మిషన్‌కి ఎక్కిస్తాం. అసలు విడదీసేది కాలమే. జానెడు కూడా లేని స్టీల్ గొట్టం, లోపల సిలికా పొడి, ఒక్కో రేణువు 5 మైక్రాన్లో ఇంకా చిన్నదో. దాని మీద 18 కార్బన్ల గొలుసులు అతికించి ఉంటాయి, అందుకే దానిది జిడ్డు గుణం.

తమ్ముడు: జిడ్డుతో ఏం పని?

అక్క: చేపల పులుసు తిన్న కంచం మీద నీళ్లు పోసి చూడు. ఉప్పు, పులుపు వెంటనే పోతాయి, నూనె మాత్రం అంటుకునే ఉంటుంది. కాలమ్‌లోనూ నీళ్లలో బాగా కరిగేవి ముందు బయటికొస్తాయి, జిడ్డు గుణం ఉన్నవి రేణువులకు అంటుకుంటూ, వదులుతూ, మళ్లీ అంటుకుంటూ వెనకబడతాయి. నీళ్లలో మిథనాలో అసిటోనైట్రైలో, ఏదో ఒక సాల్వెంట్‌ని కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే అవీ ఒకదాని వెనక ఒకటి వదులుతాయి. 1903లో మిఖాయిల్ త్స్వెత్ అనే ఆయన ఆకుల రసాన్ని సుద్దపొడి గొట్టంలో పోసి రంగులు పట్టీలుగా విడిపోవడం చూపించాడు, మూలం అదే.

తమ్ముడు: మరి ఆ మిషన్‌కి అంత పెద్ద పంపు దేనికి?

అక్క: పొడి అంత సన్నం కదా, ద్రవం తనంతట తాను దిగదు. కారు టైరులో ఉండే ప్రెషర్ రెండు బార్ల పైచిలుకు, ఇక్కడ వందల బార్లు. ఒకసారి బఫర్‌ని, అంటే ఉప్పు కలిపిన ద్రవాన్ని, రాత్రంతా కాలమ్‌లోనే వదిలేశారు, ఉప్పు గడ్డకట్టింది, పొద్దున ప్రెషర్ చూసి నాకు భలే టెన్షన్ వచ్చింది.

తమ్ముడు: ఏదో ఒకటి బయటికొచ్చి గ్రాఫ్‌లో పీక్ లేచింది, అది ఆ మందే అని ఎట్లా చెప్తారు?

అక్క: స్వచ్ఛమైన మందు ఎన్ని నిమిషాలకు వస్తుందో ముందే చూసుకుంటాం. అదే నిమిషానికి వేరేదీ రావచ్చు కాబట్టి అణువుల్ని ముక్కలు చేసి బరువు తూచే మాస్ స్పెక్ అనే మిషన్‌లో దాని ముక్కల బరువులు కూడా సరిపోవాలి. 2022 నవంబరు నుంచి యూరప్ పెట్టిన గీత కిలోకి 0.15 మైక్రోగ్రాములు, అంత కొంచెం దగ్గర కొవ్వు అడ్డమొచ్చినా లెక్క తప్పుతుంది. అందుకే స్టాండర్డ్, అంటే ఆ స్వచ్ఛమైన మందు, వచ్చే టైమ్ అటూఇటూ జరిగిందంటే రైతు శాంపిల్ ఎక్కించను, కాలమ్ కడిగి మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాను.