తల్లి రొయ్య కంటి వెనక కథ

నమస్కారమండీ. చెరువులో వదిలే రొయ్య పిల్లల్ని, అదే సీడుని, కొనేటప్పుడు రేటెంత, రోగాలు లేవని చెప్పే పీసీఆర్ రిపోర్టు ఉందా అని అడుగుతాం కానీ, ఆ సీడు తల్లికి రెండు కళ్లూ ఉన్నాయా అని ఎవరం అడగం. ఇవాళ నేను మాట్లాడేది ఆ కన్ను గురించే.

రొయ్య కన్ను ఒక కాడ చివర ఉంటుంది, ఇంట్లో వలిచేటప్పుడు తలతో పాటు తీసి పారేస్తామే, అదే. ఆ కాడలో ఎక్స్ ఆర్గాన్ అనే నాడీకణాల గుంపు, దాన్ని ఆనుకుని సైనస్ గ్రంథి ఉంటాయి. అక్కడినుంచి వచ్చే హార్మోన్లలో ఒకటి అండాశయాన్ని ఎదగనివ్వదు, ఇంకొకటి కుబుసం విడవనివ్వదు. చూపుతో పాటు బ్రేకు కూడా అక్కడే ఉందన్నమాట. సముద్రంలో అన్నీ కుదిరితే ఆ బ్రేకు దానంతటదే వదులుతుంది. సీడు పుట్టించే హేచరీ ట్యాంకులో అంత తేలిగ్గా వదలదు, హేచరీ వాళ్లకేమో ఆర్డర్ల టెన్షన్.

కాడ తీసేస్తే అండాశయం గబగబా పెరుగుతుందని 1943లో పనూజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చూపించాడు. హేచరీల్లో ఇప్పటికీ చేసేది అదే: ఒక కాడని నొక్కేస్తారు, లేదా కాల్చిన పట్టకారుతో పట్టేస్తారు, లేదా దారంతో బిగించేస్తారు. ఒక్కటే, రెండూ తీస్తే తల్లి బతకదు. కొన్నాళ్లకి రాత్రిపూట టార్చి వేసి చూడండి, వెనామి రకం రొయ్య అయితే వీపు మీద పెంకులోంచి అండాశయం నారింజరంగు పట్టీలా కనిపిస్తుంది, టైగర్ రకానికైతే ముదురాకుపచ్చ. అలా పట్టీ పండినప్పుడు, వెనామి మగది సాయంత్రం పూట వీర్యపు సంచిని ఆడదాని కాళ్ల మధ్య అంటిస్తుంది, కొన్ని గంటల్లో ఆడది ఈదుతూ ఈదుతూ లక్షకు పైగా గుడ్లు వదిలేస్తుంది. టైగర్ అలా కాదు, కుబుసం విడిచి మెత్తగా ఉన్నప్పుడే జతకట్టి, వీర్యం దాచుకుంటుంది.

బ్రేకు పీకేసిన బండి ఎన్నాళ్లు బాగా నడుస్తుంది చెప్పండి? తల్లి వెంటవెంటనే పెడుతూ పోయి నీరసిస్తుంది, గుడ్ల నాణ్యతా పడిపోతుంది. అమెరికా నుంచి తెప్పించి, చెన్నైలో క్వారంటైన్ చేయించి తెచ్చుకున్న తల్లండీ ఇది!

సెరటోనిన్ అనే నాడీ రసాయనం ఇంజెక్షన్‌తో కూడా అండాశయం కదులుతుంది కానీ, కాడ తీసినంత గట్టిగా పనిచేయదు. నాకు నచ్చిన దారి వేరే, కన్ను ముట్టుకోకుండా స్క్విడ్, సముద్రపు పురుగులు బాగా మేపి, ఆడవాటిని ఇంకొన్ని ఎక్కువ పెట్టుకోవడం. కళ్లున్న తల్లుల పిల్లలే కొన్ని రోగాలకు బాగా తట్టుకున్నాయని స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయం వాళ్ల పరీక్షల్లో తేలింది. రేటు పెరగదా అంటారా? తల్లులు ఎక్కువ కావాలి కాబట్టి కొంత పెరుగుతుంది. ఆ కొంత ఎవరు పెట్టుకోవాలో చెప్పడానికి హేచరీ వాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు, మైకు వాళ్లకిస్తాను.