పక్కింటివాళ్లు చేస్తున్నారంటే మనమూ చేస్తాం!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ నెల కరెంటు బిల్లుతో పాటు వచ్చిన ఈ కాగితం చూడండి. మా ఇంట్లో ఎంత వాడాం, ఇంచుమించు ఇదే సైజున్న చుట్టుపక్కల ఇళ్లలో ఎంత వాడారు అన్నది పక్కపక్కనే చూపించారు. అమెరికాలో చాలా కరెంటు కంపెనీలు ఇలా పంపిస్తాయి. లక్షల ఇళ్ల లెక్కలు తీస్తే, దీనివల్ల వాడకం సగటున 2 శాతం దాకా తగ్గిందని తేలింది. ఒక్క కాగితానికి అది తక్కువేం కాదండీ.

కాలిఫోర్నియాలో జనాన్ని "కరెంటు ఎందుకు ఆదా చేస్తున్నారు?" అని అడిగారు. పర్యావరణం కోసం అన్నారు, డబ్బు మిగులుతుందన్నారు. ఇరుగుపొరుగును చూసి అన్నది మొత్తం మీద చివరి కారణమే. తీరా చూస్తే, చుట్టుపక్కలవాళ్లు ఆదా చేస్తున్నారని నమ్మినవాళ్లే ఎక్కువ ఆదా చేస్తున్నారు! 2008లో వచ్చిన పరిశోధన ఇది.

అయితే ఇది ఎదురు తిరగొచ్చు కూడా. అక్కడే శాన్ మార్కోస్‌లో సగటు వాడకం ఎంతో ఇంటింటికీ చెబితే, ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు కానీ, అప్పటికే పొదుపుగా ఉన్నవాళ్లు పెంచేశారు. వాళ్ల కాగితం మీద ఒక నవ్వు ముఖం బొమ్మ వేసి మెచ్చుకుంటే మళ్లీ పెరగలేదు. ఆ చిన్న మెచ్చుకోలు నాకు భలే నచ్చింది.

అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ సంగతి ఇంకా ముఖ్యం. కోట్ల ఏళ్ల క్రితమే రాయిగా మారిన చెట్ల ముక్కలు అక్కడ నేలంతా ఉంటాయి. "చాలామంది వీటిని పట్టుకెళ్లిపోతున్నారు, అడవి పాడవుతోంది" అని బోర్డు పెట్టి చూస్తే, ఆనవాలు వేసి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. "దయచేసి తీయకండి" అని మాత్రమే రాసినచోట 2 శాతం కూడా పోలేదు. అందరూ తీసుకెళ్తున్నారని మనమే చెప్పినట్టయింది కదా!

అందుకే "చూడండి, జనం ఎంత చెత్త వేస్తున్నారో" అనే వీడియోలంటే నాకు భయం. కోపంతోనే తీస్తారు, నిజమే. కానీ చూసేవాళ్లకు అందేది "అందరూ వేస్తున్నారు" అన్న మాటే. శుభ్రంగా ఉంచేవాళ్లను చూపిద్దాం, వాళ్లు ఎంతమంది ఉన్నారో చెబుదాం.

కంటికి కనిపించేదాని బలం వేరండీ. ఒక వీధిలో సోలార్ ప్యానెళ్లు వస్తే ఆ చుట్టుపక్కల ఇంకొందరు పెట్టించుకుంటారని కూడా కాలిఫోర్నియా లెక్కల్లోనే తేలింది. మా వీధిలో ప్యానెళ్లు పెట్టించుకున్న ఆంటీ వాళ్లింటికి వచ్చే వీడియోలో వెళ్దాం. మీకు ఏం తెలుసుకోవాలని ఉందో చెప్పండి, అవే అడుగుతాను.