బియ్యం డబ్బాలో ఫోను

తమ్ముడు: నమస్తే, సిరొంచ నుంచి మాట్లాడుతున్నాం. ఈ రోజు మా అక్క వచ్చింది. బట్టలు కుడుతుంది. అక్కా, కూర్చున్నప్పటి నుంచి ఫోను ఎన్నిసార్లు చూశావ్?

అక్క: రెండుసార్లు. ఏం చేయమంటావ్‌రా, బ్లౌజు డిజైన్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. ఫోను మానెయ్యమంటే దుకాణం మూసుకోమన్నట్టే.

తమ్ముడు: మానొద్దు, కాసేపు పక్కన పెట్టు చాలు. మన మహారాష్ట్రలోనే, సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అని ఓ ఊరుంది. 2022లో అక్కడ సాయంత్రం 7 గంటలకు గుడిలో భోంగా మోగించడం మొదలుపెట్టారు.

అక్క: సైరనా?

తమ్ముడు: అదే. మోగిందంటే టీవీలు, ఫోన్లు బంద్. మళ్ళీ 8.30కి మోగేదాకా ముట్టకూడదన్నారు. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులతో పిల్లలు ఫోన్లకు అలవాటు పడ్డారు కదా, బడి తెరిచాక కూడా వదల్లేదట.

అక్క: ఊరంతా ఒకేసారి ఆపారు చూడు, కిటుకంతా అక్కడే ఉంది. నేనొక్కదాన్నే ఆపబోయి నవ్వులపాలయ్యా. ఓ రోజు ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూతేశా. పది నిమిషాలకు లోపల్నుంచి గుర్ర్‌మని మోత. బియ్యంలో చెయ్యి పెట్టి తీసి చూస్తే, మీ బావ! పక్క గదిలోంచే చేస్తున్నారు, టీ కోసం.

తమ్ముడు: (నవ్వు) మరి ఇప్పుడు?

అక్క: ఇప్పుడు బావ ఫోను కూడా డబ్బాలోకే. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది. నది అవతల కాళేశ్వరంలో అమ్మ ఒక్కతే ఉంటుంది కాబట్టి, డూ నాట్ డిస్టర్బ్‌లో అమ్మ నంబరుకు మాత్రం మినహాయింపు పెట్టా. మిగతావాళ్ళు ఎంత చేసినా మోగదు.

తమ్ముడు: కళ్ళ మంట తగ్గిందా?

అక్క: మొదట్లో తగ్గలేదు. ఫోను పెట్టేసి సూదిలో దారం ఎక్కించుకుంటూ, కళ్ళకు విశ్రాంతి ఇస్తున్నాననుకున్నా. అది కూడా దగ్గర చూపేగా!

తమ్ముడు: అవును, ఫోనైనా సూదైనా తదేకంగా చూస్తే రెప్ప వెయ్యడం తగ్గిపోతుంది, కళ్ళు ఆరిపోతాయి. అందుకే కంటి డాక్టర్లు 20-20-20 అంటారు. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లు, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని చూడాలి.

అక్క: ఆ 20 అడుగులు కొలిచాన్రా. నా టేపు 60 అంగుళాలు, అంటే నాలుగు టేపులు. మిషను దగ్గర్నుంచి సరిగ్గా ఎదురు కిరాణా కొట్టు షట్టరు దాకా వచ్చింది. ఇప్పుడు ఒక్కో జాకెట్టు చెయ్యి అతికాక ఆ షట్టరు వంక చూస్తా. కొట్టాయన మొదట్లో ఏమైనా కావాలేమోనని లేచొచ్చేవాడు, పాపం.

తమ్ముడు: మీవాడి సంగతేంటి?

అక్క: వాడితో గొడవ లేదు, వాడి బడి గ్రూపుతోనే. హోంవర్క్ సరిగ్గా ఎనిమిదిన్నరకే పడుతుంది, మరాఠీలో. దాని కింద వరసగా ‘ధన్యవాద్ మేడమ్’లు. అందుకే బళ్ళోనే రాసుకుని రమ్మన్నా. నిన్న మర్చిపోయాడు. సరే, పక్కింటి వాణ్ణి అడిగి రమ్మని ఎనిమిదింటికి పంపా.

తమ్ముడు: అడిగాడా?

అక్క: తొమ్మిదింటికి వచ్చాడు, ఒళ్ళంతా దుమ్ము. హోంవర్క్ ఏదిరా అంటే, నాలుక్కరుచుకుని మళ్ళీ చెప్పులేసుకోబోయాడు!