రాయి పక్కన చీటీలో ఊరి పేరు చూడండి

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉంటున్న మనవాళ్లలో చాలామంది ఎగ్మూర్ మ్యూజియం చూసే ఉంటారు, కానీ ఎవరిని కదిపినా కంచు నటరాజు గురించో తిమింగలం అస్థిపంజరం గురించో చెబుతారే తప్ప రాళ్ల ఊసెత్తరు. నిజానికి 1851లో ఆ మ్యూజియం మొదలైందే రాళ్లతో. మద్రాస్ లిటరరీ సొసైటీ తన దగ్గరున్న దాదాపు 1,100 శిలా నమూనాలు ఇచ్చేస్తే, ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే డాక్టరుగారు ఆ బాధ్యత నెత్తినేసుకున్నారు.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లని నేను కోరేది ఒక్కటే, రాయి కన్నా ముందు చీటీలో ఊరి పేరు చదివించండి. ఎక్కడిదో తెలియని రాయి ఎంత మెరిసినా షోకేసుకే పనికొస్తుంది.

నేను తెచ్చిన రెండు రాళ్లలో ముందు ఈ నల్లటి ముక్క చూడండి, దీని పేరు చార్నకైట్. విరిగిన చోట నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది కదా. ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే కనిపించే పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ గుట్టలు ఈ రాయే. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీదున్నదీ ఇదే రకం కాబట్టి 1893లో భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఈ పేరు పెట్టారు. భూమిలో ఎన్నో కిలోమీటర్ల లోతున, విపరీతమైన వేడిలో తయారైన రాయి ఇప్పుడు బస్సు కిటికీలోంచి కనబడుతోందంటే, దాని మీదున్న నేలంతా కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయిందన్నమాట!

అదే పల్లావరంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకి ఒక కంకర గుంటలో ఆదిమానవుడి రాతి పనిముట్టు దొరికింది. ఆ ఏడాదే చెన్నైకి దగ్గర్లోని అత్తిరంపాక్కం అనే ఊళ్లోనూ అలాంటివి దొరికాయి. ఏది ఎక్కడ దొరికిందో ఆయన ఓపిగ్గా రాసిపెట్టారు, 1904లో ఆ సేకరణను ఎగ్మూర్ మ్యూజియం కొనుక్కుంది. పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పుగారి బృందం 1999 నుంచి అత్తిరంపాక్కంలో తవ్వి, అక్కడి పాత పనిముట్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని తేల్చిందంటే, ఊరి పేరు రాసిపెట్టడం ఎంత పనిచేసిందో చూడండి.

ఈ రెండోది రైల్వే కోడూరు దగ్గర మంగంపేట ముగ్గురాయి, ఇంగ్లీషులో బెరైటీస్ అంటారు. చేత్తో పట్టుకోండి, సైజుకి మించిన బరువు, మామూలు రాయికి ఒకటిన్నర రెట్లు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి గ్యాస్ ఎగదన్నకుండా ఈ పొడి కలిపిన బురదనే దింపుతారు. కోడూరు వైపు వాళ్లు ఇక్కడ ఉంటే కాస్త ఆగండి, మీ ఊరి గని గురించి పిల్లలకి మీరే చెబుదురుగాని.

ఎగ్మూర్ మ్యూజియంకి శుక్రవారం సెలవు, ఆ ఒక్కటీ చూసుకుని బయల్దేరండి.